నక్కల గుడిలో ఎత్తిన గుండు

దెయ్యాలు, దిష్టి, శకునాలు ఇవేవీ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పకపోతే కింద రాసింది చదివి ముసలాడికి మతి తప్పిందనుకుంటారు. నల్లమల ఘాటు రోడ్డు మీద చాలా ఏళ్ళు లారీ నడిపినవాణ్ణి. తోటి డ్రైవర్లు మలుపు దగ్గర బండి ఆపి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళు. నాకిచ్చిన నిమ్మకాయ నేను మజ్జిగలో పిండుకునేవాణ్ణి. నాకేమీ కాలేదు, లారీకీ ఏమీ కాలేదు.

మావాళ్ళు మిషను వాళ్ళు. నాయన చిన్నతనంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. దేవుడున్నాడు, ఆయన పని ఆయన చూసుకుంటాడు, మన పని మనం చేసుకోవాలి, ఇదే నాయన మతం. నాదీ అదే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ బయట చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను కూడా పోతే ఇక చెప్పేవాడుండడని రాస్తున్నాను.

మాది గిద్దలూరు నుంచి కొండవైపు నడిచిపోతే వచ్చే చిన్న పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. ఊరి మంచినీళ్ళ బావి మా పేట వాళ్ళు ముట్టకూడదు. అమ్మ ఖాళీ కడవ పక్కన పెట్టుకుని బావికి అల్లంత దూరాన కూర్చునేది. ఎవరైనా దయ తలచి చేది పోస్తే తెచ్చుకోవాలి. కొన్ని రోజులు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చునేది. పోసే మనిషికి ఆ రోజు మనసు బాగాలేకపోతే ఖాళీ కడవతోనే తిరిగొచ్చేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో దాహమంటే ఇంకొకరి దయే.

నాయన దీని గురించి ఎవరితోనూ గొడవపడలేదు. గడ్డపార తీసుకుని పేట పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. పగలు కూలికి పోయి, సందు దొరికినప్పుడల్లా తవ్వి, ఏళ్ళ తరబడి తవ్వి, చివరికి నీళ్ళు రప్పించాడు. పేటంతా వచ్చి చుట్టూ నిలబడింది. నాయన దోసిలితో నోట్లో పోసుకుని, కాసేపు అట్లాగే ఉండి, ఉమ్మేశాడు. ఒట్టి ఉప్పు. ఎనుము కూడా మూతి పెట్టలేదు.

అప్పటినుంచి నాయనకు ఒక అలవాటు పట్టుకుంది. బావులు తవ్వేవాళ్ళు చాలామంది చేసేదే, నాయనకు జబ్బులాగా ముదిరింది. తవ్వేటప్పుడు మట్టి రంగు మారితే చాలు, చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవాడు. రాతి మీద ఎక్కడన్నా తెల్లగా కనబడితే మొహం పాలిపోయేది. అది నాలుకకు తగిలించి, ఉప్పు కాదని తేలేదాకా నోరు విప్పేవాడు కాదు. ఎవరింటికి పోయినా వాళ్ళ బావి గోడలు గీకి నాకుతాడని పేటలో పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు.

మాకు కొండ కింద కాస్త మెట్ట చేను ఉంది. రెండో బావి అక్కడ మొదలుపెట్టాడు. ఆ బావి కోసమే నేను మార్కాపురం పలకల గనుల్లో కూలికి పోయాను. నాయనా అంతకు ముందు అక్కడే చేశాడు. ఆ రాతి దుమ్ము నాయనకు దగ్గు తెచ్చిపెట్టింది. పొడిగా మొదలై, చివర్లో ఈల వేసినట్టు సాగే దగ్గు. ఎంతమందిలో ఉన్నా ఆ దగ్గు విని నాయన ఎక్కడున్నాడో చెప్పేసేవాణ్ణి.

గని కూలి బావికి చాలలేదు. యుద్ధం చివర్లో పట్టాళంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే పోయి చేరాను. లారీ నడపడం నేర్పారు. అంతలో యుద్ధమే అయిపోయింది. ఇంటికి పంపిస్తారనుకుంటే ఓడెక్కించి జపాను పంపించారు. ఓడిపోయిన దేశంలో కాపలా ఉండాలట. కొండల మధ్య ఒక చిన్న ఊరి దగ్గర మా క్యాంపు. నాతోపాటు మార్కాపురం అబ్బాయి దావీదు ఉండేవాడు, వాడూ డ్రైవరే. తెలుగులో తిట్టుకోవడానికి ఒకరికొకరం దొరికాం.

ఆ చలికాలం తమ్ముడు ఏసేబు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బావి బాగా లోతు దిగిందనీ, పక్క గోడలో ఎద్దంత బండ ఒకటి బయటికి పొడుచుకుని వచ్చిందనీ, దాన్ని తూటా పెట్టి పగలగొట్టే స్తోమత లేక నాయన దాని కిందే కూర్చుని తవ్వుతున్నాడనీ రాశాడు. నేను చెబితే వినడం లేదు, నువ్వన్నా రాయి అన్నాడు. రాశాను. నాయన ఎవరి మాటా వినడని నాకు తెలుసు. ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ బండే కళ్ళ ముందు వేలాడేది.

బూడిద బుధవారం వచ్చింది. శ్రమల దినాలు మొదలయ్యే రోజు, మాకు ఉపవాసం. పొద్దున క్యాంపులో ఆరాధన జరిగింది. క్రైస్తవులకు మిగతా పూటంతా సెలవిచ్చారు. ఏం చేయాలో తోచక నేనూ దావీదూ గేటు దగ్గర నిలబడి ఉంటే, మా క్యాంపులో జుట్టు కత్తిరించే జపాను ముసలాయన ఎదురయ్యాడు. చిన్నప్పుడు ఓడల్లో పనిచేశాడు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. ఊళ్ళో ఆయన దుకాణం బాంబుల్లో కాలిపోయింది. మళ్ళీ దుకాణం పెట్టుకునే రాత ఉందో లేదో తెలుసుకోవడానికి గుడికి పోతున్నానన్నాడు. ఊరి జనంతో కలిసిమెలిసి తిరగొద్దని మాకు ఆర్డరు. గుళ్ళు చూడొచ్చు. అందుకని ఆయన ముందు నడిచాడు, మేము ఎవరికి వారమే అన్నట్టు కొంచెం వెనక నడిచాం.

అది సిరిసంపదల దేవుడి గుడి. పంట వేసేవాళ్ళు, వ్యాపారం పెట్టేవాళ్ళు ముందు అక్కడికి వచ్చి చెప్పుకుని పోతారట. కొన్ని వందల ఏళ్ళ నాటిదట. కొండ మెట్ల పొడుగునా ఎర్ర రంగు కొయ్య ద్వారాలు, ఒకదాని వెనక ఒకటి. వ్యాపారం కలిసొచ్చినవాళ్ళు తలా ఒకటి చేయించి నిలబెట్టినవట. యుద్ధంలో ఎవరికీ ఏమీ కలిసిరాలేదు కాబట్టి అన్నీ పాతవే, రంగు పెచ్చులు లేచిపోయి ఉన్నాయి. మెట్లకు రెండువైపులా రాతి నక్కలు, మెడలో ఎర్రగుడ్డ ముక్కలు. ఒక నక్క నోట్లో తాళంచెవి ఉంది. అది ధాన్యం కొట్టు తాళంచెవి అని ముసలాయన సైగ చేసి చెప్పాడు.

"మన కాడ నక్క తోక తొక్కినోడికి అదృష్టం అంటారు. ఈళ్ళు ఏకంగా నక్కకు గుడే కట్టినారు గదరా రత్నం" అన్నాడు దావీదు.

నాకు నవ్వొచ్చింది గానీ ఎక్కువ సేపు నిలవలేదు. గుడికి వచ్చినవాళ్ళ మొహాలు చూస్తే నవ్వడానికి మనసొప్పలేదు. అందరూ బక్కచిక్కి ఉన్నారు. ఒకామె సగం చిలగడదుంప తెచ్చి నక్క ముందు పెట్టింది. మిగతా సగం చేతిలో లేదు, ఆమె కడుపులోనూ ఉన్నట్టు లేదు. తనే తినలేని మనిషి సిరుల దేవుడికి తిండి పెడుతోంది. మా అమ్మ గుర్తొచ్చింది.

పైన గుడి పక్కన, ఒక రాతి దిమ్మె మీద ఒక గుండ్రటి రాయి ఉంది. పెద్ద గుమ్మడికాయంత ఉంటుంది. చేతులు తగిలి తగిలి నున్నగా అయింది. అక్కడి ఆచారం ఏమిటంటే, ఒక కోరిక తలుచుకుని ఆ రాయి ఎత్తాలి. అనుకున్నదానికంటే తేలిగ్గా లేస్తే కోరిక నెరవేరుతుంది. బరువుగా ఉంటే లేదు.

మా పల్లెలో ఉగాదికి కుర్రాళ్ళు గుండు ఎత్తే పందెం ఉంటుంది. దానిలో నాకు పేరుంది. ఇది చూడగానే నా చేతులు దురదపెట్టాయి. ఉపవాసం నాడు అన్యదేవుడి గుడిలో గుండెత్తితే మా చర్చి అయ్యగారు ఏమంటాడో అని ఒక క్షణం అనిపించింది. బరువెత్తడం పాపమని ఏ సువార్తలోనూ లేదని సర్దిచెప్పుకున్నాను.

ముందు ముసలాయన ఎత్తాడు. ఎముకలగూడు మనిషి, ఎట్లా ఎత్తాడో ఎత్తాడు. దించి, పళ్ళు లేని నోటితో నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత దావీదు ఎత్తి, మొహం గంటుపెట్టుకుని, "నాకు పిల్ల దొరకదు పో" అన్నాడు. తర్వాత నేను ముందుకు పోయాను. అప్పుడే మంచు కురవడం మొదలైంది. నున్నటి రాయి మీద పడి, తెల్లగా పేరుకుంటోంది.

నేనేమీ మొక్కలేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. తలుచుకోకూడదని చూసినకొద్దీ మా బావి కళ్ళ ముందుకొచ్చింది. నీళ్ళు కాదు, ఆ బండ.

గనిలో రాళ్ళు మోసిన చేతులు కాబట్టి చూడగానే బరువు అంచనాకు అందింది. సగం బస్తా ఉంటుందనుకున్నాను. కింద చేతులు పెట్టి లేపాను. అంతే ఉంది. నడుము దాకా వచ్చింది. దావీదు వైపు తిరిగి ఏదో అనబోయాను.

అప్పుడు దిగింది బరువు.

ఎట్లా చెప్పాలి. లారీ పక్కన నిలబడి ఉంటే పై నుంచి ఎవరో చూసుకోకుండా బస్తా జారవిడిస్తే భుజాల మీద పడుతుంది చూడండి, అట్లా. పై నుంచి ఏమీ పడలేదు. అదే రాయి, అదే సైజు, నా రెండు చేతుల మధ్యే ఉంది. నా మోకాళ్ళు వంగిపోయాయి. మెడలో నరాలు తెగిపోతాయనిపించింది.

దించేస్తే పోయేది కదా అంటారు. దిమ్మె నా ముందే ఉంది. దించకూడదని తెలిసింది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. నిప్పులో చెయ్యి పెట్టకూడదని మనకెట్లా తెలుసో అట్లా తెలిసింది. దించితే ఏదో అయిపోతుంది. దావీదు వచ్చి దిమ్మె మీదికి నెట్టబోతే మోచేత్తో వాణ్ణి తోసేశాను. వాడు మంచులో పడ్డాడు.

మంచు కురిసే చోట వాసనలుండవు. గాలి కడిగినట్టు ఉంటుంది. ఆ గాలిలో ఉన్నట్టుండి తడి ఎర్రమట్టి వాసన కొట్టింది. లోతు బావి అడుగున వచ్చే వాసన. ఆ వెంటనే దగ్గు వినబడింది. పొడిగా మొదలై, ఈల వేసినట్టు సాగింది. చెవిలో కాదు, నా చేతుల కింద నుంచి. రాయి కింద నుంచి.

భయమని కూడా అనలేను, భయపడడానికి బుర్రలో చోటు లేదు. నాయన ఈ రాయి కింద ఉన్నాడు, అంతే తెలుసు. అది ఎట్లా కుదురుతుందని అడగలేదు. పళ్ళు బిగించి ఎత్తిపట్టాను. "నాయనా, బయటికి రా, బయటికి రా" అని అరిచానట. అరిచింది నాకు గుర్తులేదు, దావీదు చెప్పాడు. గుడిలో జనమంతా చేరారు. పూజారి పరుగెత్తుకొచ్చి, నా మొహం చూసి, దగ్గరికి రాకుండా ఆగిపోయాడు.

ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. ఉన్నట్టుండి బరువు పోయింది. పోవడమంటే కొంచెం తగ్గడం కాదు, చేతుల్లో ఎండిన సొరకాయ బుర్ర ఉన్నట్టయింది. అంత బిగబట్టి ఎత్తుతున్నవాణ్ణి, ఆ తేలికకు వెనక్కి పడిపోయాను. రాయి నా పక్కన మంచులో పడింది.

లేచి చూస్తే నా చొక్కా మీద మంచు, టోపీ మీద మంచు, ముంజేతుల మీద మంచు. రాయి మీద మాత్రం లేదు. ఇందాక పేరుకున్నది కూడా లేదు. ఒట్టి రాయి, పొడిగా ఉంది. పూజారి వంగి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దావీదు ముట్టుకున్నాడు. "ఎండలో పెట్టినట్టు కాలుతుంది రా" అన్నాడు. వాడి గొంతులో నవ్వు లేదు. అక్కడి నుంచి క్యాంపుకు వచ్చేశాం.

నాయన చనిపోయాడని నేను తీర్మానించేసుకున్నాను. బండ కూలింది, నాయన కింద పడ్డాడు, నాకు తెలిసింది, అంతే. మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఉత్తరాలు ఓడల మీద రావాలి, వారాలు పట్టేది. ప్రతిసారీ టపా సంచి విప్పుతుంటే నేను పోయి గుడారం వెనక నిలబడేవాణ్ణి. నా పేరు పిలిస్తే దావీదు తీసుకునేవాడు.

చివరికి వచ్చింది. వాడే చదివాడు. బావిలో నీళ్ళు పడ్డాయి, మంచినీళ్ళు, నాయన బాగున్నాడు, అమ్మ దీవెనలు పంపింది. ఇంకేమీ లేదు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే. ఆనందంతో దావీదును కావలించుకుని, ఆ తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను. ఉపవాసం, ఖాళీ కడుపు, ఎముకలు కొరికే చలి, ఇంటి మీద బెంగ. కళ్ళు తిరిగాయి, చెవులు మోగాయి. నిమ్మకాయలు తొక్కించేవాళ్ళకూ నాకూ తేడా ఏముంది. అట్లా అనుకుని మర్చిపోవడానికి చూశాను. రాయి కాలడం సంగతి దావీదూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పట్టాళం నుంచి విడుదలై ఇంటికొచ్చాను. గిద్దలూరులో రైలు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని నేరుగా చేనికే పోయాను. అమ్మ బావి దగ్గరే ఉంది. నన్ను చూసి ఏడ్చి, నాకు నీళ్ళు చేది పోసి, తర్వాత కడవ నింపింది. నింపి, చెట్టు మొదట్లో వంపేసి, మళ్ళీ నింపింది. ఎందుకమ్మా అంటే, ఊరికే అంది. ఆ ఒక్క మాటకు నా పట్టాళం జీతమంతా చెల్లిపోయింది.

బావిలోకి తొంగి చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఆ బండ పడి ఉంది. ఎద్దంత బండ.

గోడలో ఉండాల్సింది అడుగుకు ఎట్లా వచ్చిందని నాయనను అడిగాను. నేను ఊరికే అడిగాను. నాయన గట్టు మీద కూర్చుని, ఏసేబు కూడా పక్కనే ఉండగా, చెప్పాడు.

"బూడిద బుధారం మిషను గుడికి పోయొచ్చి దిగినా రా. అడుగున మంచి పలకరాయి తగిలింది, గడ్డపార దిగలే. దాని మీద గుద్దుతా ఉన్నా. పైన బండ కదిలింది. దుమ్ము. ఊపిరాడలే. దగ్గొచ్చి పట్టుకుంది. ఇంగ అయిపాయ అనుకున్యా. ఎంతసేపటికీ మీద పడదే. కళ్ళు తెరిచి చూస్తే నా నెత్తికి జానెడు పైన ఆగిపోయింది."

"దేనికి తట్టుకుంది?" అన్నాను.

"దేనికీ తట్టుకోలేదన్నా" అన్నాడు ఏసేబు. "నేను పైన తాడు పట్టుకుని చూస్తానే ఉన్నా. ఒక పక్క గోడను ఆనుకుంది, అంతే. మూడు పక్కలా ఏం లేదు. గాలిలో ఉండింది."

"వీడు బయటికి రా, బయటికి రా అని అరుస్తా ఉన్నాడు" అన్నాడు నాయన. "ఆ అరుపుకే నాకు కాళ్ళల్లో కదలిక వచ్చింది."

"నేనెక్కడ అరిచినా నాయనా, నాకు నోరే పెగల్లేదంటే" అన్నాడు ఏసేబు. వాళ్ళిద్దరికీ ఇది పాత గొడవ. చాలాసార్లు వాదించుకున్నారని తెలుస్తూనే ఉంది. నేను గట్టును గట్టిగా పట్టుకున్నాను.

నాయన ఆ సందులోంచి పాక్కుంటూ వచ్చి తాడు పట్టుకున్నాడు. పైకి ఎక్కుతూ బండ నెత్తి మీద చెయ్యి వేసి ఆనుకున్నాడు. చేతికి ఏదో తెల్లగా అంటుకుంది. నాయన సంగతి చెప్పాను కదా. చావు నోట్లోంచి బయటికి వస్తూ కూడా ఆయన చూసింది దాన్నే. బండ మీద తెలుపు. ఇంకేముంది, మళ్ళీ ఉప్పే, ఈ బావీ పోయింది అనుకున్నాడు. గుప్పిట మూసుకుని, పైకి వచ్చి, గట్టు మీద పడిపోయి, ఆ గుప్పిట విప్పి నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పు గాదు" అన్నాడు నాయన. "చప్పగుంది. పళ్ళు జివ్వుమన్నాయి. మళ్ళీ చూద్దామని చెయ్యి తీస్తే ఏం లేదు, తడి ఉంది అంతే. నేను గట్టు మీద పడినాక బండ కిందికి పోయింది. దెబ్బకు అడుగు పలక పగిలి నీళ్ళు ఎగదన్నినాయి. నువ్వు దేశాలు తిరిగినోడివి గదా. ఏందిరా అది?"

లేచి కొండ వైపు నడిచిపోయాను. మా ఊళ్ళో తాతల కాలం నుంచీ మంచు గడ్డను కళ్ళతో చూసినవాడు లేడు. నాయనకు దాని పేరు కూడా తెలియదు. అయినా నా బుద్ధి ఒప్పుకోలేదు. సున్నం కావచ్చు, ఇంకేదన్నా రాతి పిండి కావచ్చు. చేతిలో చెమట పట్టి తడి అయి ఉండొచ్చు. అట్లా ఒక ఏడాది నాలో నేనే వాదించుకున్నాను. నాయనకు ఏమీ చెప్పలేదు. చెబితే ఆయనకు లేని జ్ఞాపకం నేనే తయారుచేసినవాణ్ణవుతానని భయం. ముందు తేల్చుకోవాలనుకున్నాను.

మరుసటి ఏడు ఎండాకాలం ముందు మార్కాపురం తిరునాళ్ళకు ఎద్దు కోసం పోయాం, నేనూ నాయనా. అక్కడ ఒకడు ఐసు అమ్ముతున్నాడు. రంపపు పొట్టులో, గోనెపట్టాల్లో చుట్టి రైల్లో తెప్పించాడట. వడ్రంగి చిత్రిక లాంటి దాని మీద గడ్డను రాస్తుంటే కింద తెల్లటి పొడి రాలుతోంది. జనం దాని మీద ఎర్రరంగు పాకం పోయించుకుని తింటున్నారు. నాయన అటు చూడలేదు, ఆయన దృష్టంతా ఎద్దుల మీదే.

పాకం వద్దని చెప్పి ఉత్త పొడి ఆకులో పెట్టించుకున్నాను. ఆకు కనబడకుండా వెనక దాచుకుని, నాయనను ఒక బండి నీడలో కూర్చోబెట్టాను. "నాయనా, ఒకసారి చెయ్యి చాపు" అన్నాను. ఆయన చాపాడు. ఆ పొడి అరచేతిలో పోశాను.

నాయన ఉలిక్కిపడ్డాడు. పారబోస్తాడనుకున్నాను. పారబోయలేదు. గుప్పిట మూసి, విప్పి, చూశాడు. అలవాటు చొప్పున నాలుక మీద వేసుకున్నాడు. ఆయన దవడ కదలడం ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. అరచేయి తడిగా ఉంది, అందులో ఏమీ లేదు.

"ఇదే రా" అన్నాడు.

అప్పుడు చెప్పాను. అక్కడే, ఆ బండి నీడలో, తిరునాళ్ళ గోలలో, గుడి, నక్కలు, గుండు, మట్టి వాసన, దగ్గు, అన్నీ చెప్పాను. నమ్మాడో లేదో నాయన చెప్పలేదు.

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గుడి దేవుడి పని అనడానికి నా మతం ఒప్పుకోదు, మా దేవుడి పని అయితే ఆయన నక్కల గుడిలో ఎందుకు చేశాడో తెలియదు. దావీదు చనిపోయే ముందు ఆసుపత్రిలో పలకరించడానికి పోతే, ఆ రాయి వేడి ఇంకా వేళ్ళకు తెలుస్తూనే ఉందన్నాడు. ఆ తర్వాత కూడా ఘాటు రోడ్డు మీద నేను నిమ్మకాయ తొక్కించలేదు. దెయ్యాలు, శకునాలు ఇప్పుడూ నమ్మను. ఆ బావి మాత్రం ఉంది, అడుగున బండ ఉంది, పోయిన ఎండాకాలం కూడా పేటంతా దాని నీళ్ళే తాగింది.

ఆ రోజు తిరునాళ్ళలో నాయన చాలాసేపు తన తడి అరచేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నా రెండు చేతులూ దగ్గరికి లాక్కుని, బోర్లించి, వెల్లకిలా తిప్పి, వేళ్ళు తడిమి చూశాడు.

"శానా బరువుండిందా రా?" అని అడిగాడు.

"ఉండింది నాయనా" అన్నాను.